పెట్టెడు ఇసుక

డెబ్భైలలో మూడేళ్ళపాటు నేను ఇసుకతో కుస్తీ పట్టాను. విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో పరిశోధన చేసేవాణ్ణి. ఇసుక మీద బరువు పెట్టి పక్కకి నెడితే అది ఎంతవరకు ఓర్చుకుంటుందో, ఎప్పుడు జారిపోతుందో ముందే చెప్పగల లెక్క ఒకటి తయారుచెయ్యాలని నా పట్టుదల. "కృష్ణలో అంత ఇసకుంది, ఎవడన్నా దాన్ని చదువుతాడంట్రా?" అనేది ఊళ్ళో మా నాయనమ్మ. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు.

నా సరంజామా అంతా ఒక చిన్న ఇత్తడి పెట్టె. అడ్డంగా రెండు ముక్కలు, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అందులో ఇసుక నింపి, పైన బరువు పెట్టి, కింది ముక్కని మర తిప్పుతూ మెల్లగా నెట్టాలి. ఇసుక ఎంత ఎదురు తిరుగుతోందో పక్కనున్న ముల్లు చూపిస్తుంది. ఆ అంకెల్ని గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెడితే, అవి నా లెక్క గీసిన గీత మీద పడాలి.

సగం చుక్కలు బుద్ధిగా గీత మీదే కూర్చునేవి. మిగతా సగం గీతకి జానెడు పైన తేలేవి. బ్యారేజీ కింద తవ్వించి తెచ్చిన ఇసుకని మళ్ళీ ఎండబెట్టాను, మళ్ళీ జల్లించాను. పెట్టె మరకి నూనె పోశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు గ్రాఫు కాగితాన్ని ఉండచుట్టి కిటికీలోంచి విసిరేసి, మళ్ళీ నేనే వెళ్ళి ఏరుకొచ్చుకున్నాను.

మా ప్రొఫెసరు గారు మాత్రం చల్లగా చెప్పారు.

"చూడవయ్యా, వేసవి సెలవుల్లోపు నీ చుక్కలు గీత మీదకి రాకపోతే ఇసుక వదిలేసి కాంక్రీటు పట్టుకో."

కాంక్రీటు అప్పటికే అందరూ పట్టుకున్నారు. ఇసుక వదిలేస్తే నా మూడేళ్ళ నోటు పుస్తకాలు వేరుశనక్కాయల పొట్లాలకి తప్ప ఎందుకూ పనికిరావు. నాకు అన్నం సయించడం మానేసింది.

ల్యాబ్‌లో నాకు తోడు ఒక్క అటెండరే. గుణదల నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన సార్ అనేవాడు. నాకు పొద్దున్నే క్లాసున్న రోజుల్లో, నేను వచ్చేసరికి పెట్టె నింపి సిద్ధంగా ఉంచేవాడు. క్లాసు లేని రోజుల్లో నేనే నింపుకునేవాణ్ణి.

ఒకనాడు హాజరు పుస్తకం మరిచిపోయి క్లాసు మధ్యలో ల్యాబ్‌కి వచ్చాను. బాబాయ్ పెట్టెలో ఇసుక పోసి, వేలి కణుపులతో పక్కలమీద టకటకా తట్టి, దిగిన మేర మళ్ళీ పోసి, మళ్ళీ తట్టి, స్కేలుతో సమానంగా గీసి, చూసుకుని మురిసిపోతున్నాడు.

"ఎవరు తట్టమన్నారు నిన్ను?" అని అరిచాను. పక్క గదిలోకి కూడా వినిపించి ఉంటుంది.

ఆయన బిత్తరపోయాడు. "నిండు కొలతంటే తట్టి పొయ్యాలి గదండీ సార్! తట్టకపోతే దొంగ కొలతవదూ?"

నేను ఏనాడూ తట్టలేదు. మెత్తగా, ధారగా పోసి పైన గీసేసేవాణ్ణి. పైగా నేను నింపినా, ఆయన నింపినా పెట్టెని ఏనాడూ తూచలేదు. డెల్టాలో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో ధాన్యం కొలవడానికి కుంచమే గాని తూచడానికి కాటా లేదు. పెట్టె నిండితే నిండినట్టే అనుకున్నాను. ఆ పూట ఆయన నింపిన పెట్టెని తూచి, దాన్నే ఖాళీచేసి నా పద్ధతిలో నింపి మళ్ళీ తూచాను. బాబాయ్ నింపినప్పుడు పిడికెడు ఇసుక ఎక్కువుంది. నోటు పుస్తకాన్ని నా టైంటేబుల్ పక్కన పెట్టి చూస్తే, గీత పైన తేలిన చుక్కలన్నీ నాకు పొద్దున్న క్లాసున్న రోజులవే.

"గట్టిగా సర్దుకున్న ఇసకైతే అంత మొరాయిస్తదేంటి బాబాయ్?" అన్నాను, అరిచినందుకు సిగ్గుపడుతూ.

"మేరీమాత తిరనాళ్ళకి బస్సులో బెంచీ మీద ఇరుక్కుని కూచుంటాం గదండీ. పక్కోడు జరగాలంటే ముందు కాస్త పైకి లెగాలి. అదీ అంతేనేమో."

నిజంగా అంతే. కిక్కిరిసిన గింజలు జరగాలంటే ముందు ఒకదాని మీదకి ఒకటి ఎక్కాలి, ఆ ఎక్కడానికే అదనపు బలం. వదులుగా ఉన్న గింజలకి ఆ బాధ లేదు. నా లెక్కలో ఈ ఎక్కడానికి చోటే లేదు. వారం రోజుల్లో ఆ చోటు పెట్టాను. ఒక గీత రెండు గీతలైంది, చుక్కలన్నీ వేటి గీత మీదకి అవి వచ్చి కూర్చున్నాయి. ప్రొఫెసరు గారు కాగితం చూసి, "కాటా అనే వస్తువు ఒకటుందని మూడేళ్ళకి తెలిసిందన్నమాట" అని పడీపడీ నవ్వి సంతకం పెట్టారు. బాబాయ్‌కి మిఠాయి పొట్లం పట్టుకెళ్ళాను.

ఇద్దరం అది తింటుండగా అడిగాను, తట్టడం ఎవరు నేర్పారని.

"మా అమ్మండీ. కోతలకెళితే కూలి ధాన్యం కొలిచేవోళ్ళు. ఆసాములు తట్టకుండా మెత్తగా పోసేవోళ్ళు. తట్టమని అడిగితే మర్నాడు పన్లోకి పిలిచేవోళ్ళు కాదు. మన చేతికి కొలతొచ్చిన్నాడు తట్టి పొయ్యరా అనేది."

నోటిదాకా వచ్చిన మిఠాయిని మళ్ళీ పొట్లంలో పెట్టాను. మెత్తగా, ధారగా పొయ్యడం నాకు నేర్పింది మా నాయనమ్మే.

ఆ ఆదివారం ఊరెళ్ళాను. దాళ్వా కోతలు, రెండో పంటవి. వాకిట్లో కూలికొచ్చిన ఆడవాళ్ళకి నాయనమ్మ కుంచంతో కొలుస్తోంది. వెళ్ళి పక్కన గొంతుక్కూర్చుని, నిండిన కుంచాన్ని కణుపులతో టకటకా తట్టాను. గింజలు వేలెడు దిగాయి. కొంగు పట్టి నిలబడ్డావిడ నా వంకా, నాయనమ్మ వంకా చూసింది.

"ఇదేంట్రా? ఇంత చదువూ చదివి ఇదేనా నేర్చుకొచ్చింది?" అంది నాయనమ్మ.

"ఇదే నాయనమ్మా. మూడేళ్ళు పట్టింది."

ఆవిడ రాశిలోంచి దోసెడు తీసి కుంచంలో పోసి, "తట్టు మరి" అంది.