పదో బిళ్ళ కోసం వాడరేవు

ఇంగ్లండు వాళ్ళు ఒకప్పుడు పేరుమోసిన రాక్ ఆల్బమ్‌ల అట్టబొమ్మల్ని పది తపాలా బిళ్ళలుగా వేశారు. గుంటూరు బ్రాడీపేటలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ వాటిలో తొమ్మిది సంపాదించాను. పదోది, వీపున కట్టెల మోపు మోస్తున్న గడ్డపు ముసలాయనది, ఏళ్ళ తరబడి దొరకలేదు. మా కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పే సుగుణ గారు నా ఫోన్లో ఆ బొమ్మ చూసి, అచ్చం అలాంటి బిళ్ళ వాడరేవులో పాస్టరుగా ఉన్న వాళ్ళ బాబాయి దగ్గరుందన్నారు. ఆ ఆదివారమే బయల్దేరాను.

ఆరున్నరకి గుంటూరు బస్టాండులో ఇడ్లీ తిని, పర్చూరు మీదుగా చీరాల పోయే బస్సెక్కాను. మీరు వెళితే కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. మిరప ఘాటు మాత్రం ఎక్కడ కూర్చున్నా వదలదు. ప్రత్తిపాడు దాకా బస్సంతా వంతులేసుకుని తుమ్మింది. పక్క సీట్లో పెద్దావిడ నా ఫోన్లోకి తొంగిచూసి, "మీ నాన్నగారాండీ?" అంది. కాదు, పాటల రికార్డు అట్ట మీది బొమ్మ అన్నాను.

"పాటలు పాడేవాళ్ళకి పుల్లలెందుకు?"

నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

చీరాలలో దిగి షేర్ ఆటోలో వాడరేవు చేరేసరికి పదిన్నర. ఇసుకలో ఎండుతున్న చేపల పక్కగా నడిచి చర్చిలోకి అడుగుపెట్టి నిలబడిపోయాను. ఎదురుగా ఫ్లెక్సీ మీద నిలువెత్తున నా ముసలాయన. బిళ్ళనే పెద్దది చేయించినట్టున్నారు, మూలన రాణిగారి తల కూడా ఉంది. కుడి అంచున, అట్టలోంచి కాస్త బయటికొచ్చిన రికార్డు నల్లగా వంపు తిరిగి కనిపిస్తోంది. పాస్టరు దేవదానం గారు ఆ వంపు చూపించి, అది లోకాన్ని కమ్ముకొస్తున్న పాపపు చీకటి అని, ముసలాయన మోస్తున్నది మన భారమని చెబుతున్నారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. నేను నవ్వు బయటికి రాకుండా కర్చీఫు నోట్లో కుక్కుకున్నాను.

సుగుణ గారి పేరు చెప్పగానే ఇంటికి భోజనానికి తీసుకెళ్ళారు. ఆయన భార్య రూతమ్మ గారు చేపల పులుసు వడ్డించి, బిళ్ళ చూపించారు. ఇంగ్లండులో నర్సుగా ఉన్న ఆవిడ చెల్లెలు పంపిన కవరు మీదిదట. అది రాక్ పాటల రికార్డు అట్ట అన్న నిజం చెబితే పాస్టరు గారు అసహ్యించుకుని బిళ్ళ నా చేతిలో పెడతారు. కానీ ఆ ప్రసంగం, ఆ ఫ్లెక్సీ ఏమైపోతాయి? రెండోసారి పులుసు పోయించుకునేదాకా నోరు విప్పలేదు. చివరికి ఆశే గెలిచింది. అంతా చెప్పేశాను.

ఆయన తినడం ఆపేశారు. ఆ రికార్డులోంచి ఒక పాట పెట్టమన్నారు. ఫోన్లో పెట్టాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. బల్ల కింద కాలు ఆడుతోంది.

"మా చర్చిలో డ్రమ్ములు వాయించేవాడికి వినిపించాలండి," అన్నారు.

"మరి బిళ్ళ?"

"ముసలాయనేం తప్పు చేశాడు? ఆయన పుల్లలు ఆయన మోస్తున్నాడు."

పాపపు చీకటి సంగతి నసిగాను. రూతమ్మ గారు అన్నం పెడుతూ, "అది రికార్డని మా చెల్లెలు అప్పుడే చెప్పింది. ప్రసంగం బాగుంది కదా అని ఊరుకున్నాను," అన్నారు. దేవదానం గారు ఆవిడకేసి చూసి, కంచంలో చెయ్యి పెట్టుకునే నవ్వడం మొదలుపెట్టారు.

నాలుగింటి బస్సులో ఉత్త చేతులతో వెనక్కి బయల్దేరాను. పర్చూరు దాటాక ఆయన ఫోన్ చేశారు. మిగతా తొమ్మిదింటిలో ప్రసంగానికి పనికొచ్చేదేమైనా ఉందా అని అడిగారు. గిటారు నేలకేసి బాదుతున్నవాడిది ఉందన్నాను. బైబిల్లో గొల్యాతు రాక్షసుణ్ణి నేలకూల్చిన కథకి సరిపోతుంది, పట్టుకురమ్మన్నారు.

ఒక బిళ్ళ తెచ్చుకుందామని వెళ్ళి, ఉన్నవాటిలో ఒకటి అరువివ్వడానికి ఒప్పుకుని గుంటూరులో దిగాను.