నా డబ్బాలో తొక్కు

శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే మీదికి వచ్చే పిట్టలను తోలే పనిలో నాతో ఒక అమ్మాయి ఉండేది. తిండికి కూర్చోగానే వాళ్లమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు పచ్చడంతా తీసి నా డబ్బాలో వేసేది. ఎందుకని అడిగితే ఒకనాడు చెప్పింది.

"క్యాన్సర్‌తోని పండుకున్నప్పుడు బాపు తొక్కు అడిగిండక్కా. డాక్టర్ వద్దన్నడని నేను పెట్టలే. బాపు పోయినంక పిట్టకు తొక్కన్నం పెడితే ఒక్క కాకి ముట్టలే. నా మీద అలిగిండు."

కొన్నాళ్లకు ఆ మాటే వాళ్లమ్మతో అన్నదట. అమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "పొద్దంత పటాకులు కాల్చి పిట్టలను ఎల్లగొడ్తవు. నువ్వు పక్కన నిలబడితే ఏ కాకి వస్తది బిడ్డా?" అన్నదట.

అది చెబుతూ పడీపడీ నవ్వింది. ఆ రోజు నా డబ్బాలోకి తొక్కు రాలేదు. మొత్తం తానే తిన్నది.