నడుము నొప్పి అని చెప్పుకున్నవాళ్లం

మేడం పోయారన్న కబురు నాకు స్కూలు గ్రౌండులో తెలిసింది. పొద్దున పిల్లలతో వార్మప్ చేయిస్తుంటే ఫోను మోగింది. ఆమె నంబరే. ఇంత పొద్దున్నే ఎందుకు చేశారా అనుకుంటూ ఎత్తాను. మాట్లాడింది వాళ్ల అక్క. చెల్లెలు నిద్రలోనే పోయిందని, గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారని, ఈ ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ వరసగా చేస్తున్నానని చెప్పింది. తిరిగి చూస్తే పిల్లలు చేతులు పైకెత్తి అలాగే నిలబడి ఉన్నారు. దించమని నేను చెప్పలేదు మరి.

మేడం అంటే నంద్యాల ఫిజియోథెరపీ మేడం. బస్టాండు దగ్గరి సందులో ఆమె క్లినిక్. శనివారాలు మా ఆళ్లగడ్డకు వచ్చి, ఒక మందుల షాపు మీది గదిలో చూసేవారు. ఇటు చాగలమర్రి నుంచి అటు గోస్పాడు దాకా ఆమె చేతి కింద లేచి నడిచినవాళ్లు ఉన్నారు. నేను ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో వ్యాయామం టీచరును. చిన్నప్పటి నుంచి పరుగు తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఆ పరుగే నన్ను ఆమె దగ్గరికి తీసుకుపోయింది.

జిల్లా పోటీలకు ఆడపిల్లలను తయారు చేస్తూ, వాళ్లకు ముందు నేనే పరిగెత్తేదాన్ని. మోకాలి కింద ఎముక ముందువైపు నొప్పి పట్టుకుంది. ఆయింట్‌మెంట్లు పూసి, గుడ్డ చుట్టి, పళ్లు బిగించి పరిగెత్తాను. చివరికి మెట్లు దిగలేక మేడం దగ్గరికి పోయాను. బల్ల మీద పడుకోబోతుంటే ఆమె నన్ను పట్టించుకోకుండా గుమ్మం దగ్గరికి పోయి, నేను విడిచిన బూట్లు తిరగేసి చూశారు. అది ఆమె పద్ధతి. మన దగ్గర ఎవరైనా చెప్పులు బయట విడిచే కదా లోపలికి వస్తారు. ఆమె ముందు చెప్పులను చూసి, తర్వాత మనిషిని చూసేవారు. ఏ పక్క అరిగింది, ఏ కాలు ఈడుస్తోంది అన్నీ అక్కడే తేల్చుకునేవారు. మనుషులు నొప్పిని ఎక్కువో తక్కువో చేసి చెప్తారట, చెప్పులకు ఆ తెలివి లేదట.

యాడ పరిగెత్తుతాండావని అడిగారు. తారు రోడ్డు మీద అన్నాను. ఇంతకుముందు ఎంత, ఇప్పుడు ఎంత అని అడిగారు. పోటీలు దగ్గరపడ్డాయని రెట్టింపు చేశానని కొంచెం గొప్పగానే చెప్పాను.

"వారం నీళ్లు ఒక్కరోజే మడికి పెడితే గట్టు తెగదా?" అన్నారు.

అంతే తిట్టడం. తర్వాత పిక్కలకు, తుంటికి బలం వచ్చే పనులు నేర్పారు. గ్రౌండు అంచున మెత్తటి మట్టి మీద పరిగెత్తమన్నారు. నిన్నటికంటే ఈరోజు కాస్తే పెంచాలని, ఒళ్లు వేడెక్కాక తగ్గే నొప్పి వేరు, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి వేరని, రెండోది వస్తే అక్కడే ఆగి ఇంటికి పోవాలని చెప్పారు. నొప్పిని అత్త కోడలిని చూసినట్టు చూడొద్దు, అది ఏం చెప్తోందో విను అనేది ఆమె తరచూ అనే మాట. కోడళ్లంతా ఆ మాటకు నవ్వేవాళ్లు, అత్తలు వినపడనట్టు ఉండేవాళ్లు. మీరు పరిగెత్తేవాళ్లా మేడం అని ఒకసారి అడిగితే, బస్సు కోసం తప్ప జన్మలో పరిగెత్తలేదన్నారు.

నేను కడుపుతో ఉన్నానని తెలిసిన వారమే మా ఇంట్లో నా బూట్లు అటక మీదికి పోయాయి. అత్త మంచిదే, భయస్తురాలు. కింద కూర్చోవద్దు, పైకి చేయి ఎత్తొద్దు, గట్టిగా నవ్వొద్దు అని మొదలుపెట్టింది. ఉద్యోగం మానెయ్యమన్నారు. మానేస్తే మళ్లీ గ్రౌండు మొహం చూడనని నాకు తెలుసు. మా వైపు అలా ఆగిన ఆడపిల్లలు మళ్లీ పరిగెత్తగా నేను చూడలేదు. మేడం దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె ముందు కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఎప్పుడూ అంతే, డాక్టరమ్మ సరే అననిదే ఆమె చెయ్యి వేసేవారు కాదు. సరే అన్నాక, నాకూ మా అత్తకూ కలిపి చెప్పారు.

"అలవాటైన ఒళ్లు ఇది. మాట్లాడతా పరిగెత్తగలిగితే మెల్లగా పరిగెత్తనీ. మాట ఆగిపోతాందంటే నడవాల. రక్తం కనపడినా, నీళ్లు పోయినా, కండ్లు తిరిగినా, కడుపు బిగుసుకుపోతాన్నా ఆడికాడికి ఆపి బేగా డాక్టరమ్మ కాడికి పోవాల. ఊరికే పడుకోబెడితే కాన్పు సులువు కాదు పెద్దమ్మా."

నెలలు నిండేకొద్దీ కటి దగ్గర నొప్పి మొదలైతే, పరుగు ఆపించి నడకలోకి దింపింది కూడా ఆమే. పక్కకు తిరిగి పడుకొని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, మంచం దిగేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి తిరగడం నేర్పారు. నాకు దుఃఖం వచ్చింది. మళ్లీ పరిగెత్తుతానా మేడం అని అడిగాను. పరిగెత్తుతావు, ఎప్పుడనేది మాత్రం నేను చెప్తా అన్నారు. ఆ మాటను పట్టుకొని నేను చాగలమర్రిలో పుట్టింటికి కాన్పుకు పోయాను.

పాప పుట్టింది. సుఖంగానే కాన్పయింది. మా అమ్మ పాత నూలు చీర తెచ్చి నా నడుముకు చుట్టింది. ఒక కొస తను పట్టుకొని, ఇంకో కొస పక్కింటామెకు ఇచ్చి, ఇద్దరూ కలిసి లాగారు. బాలింతకు కట్టు బిగించకపోతే కడుపు జారిపోతుందని మా వైపు నమ్మకం. మా అవ్వ మా అమ్మకు కట్టింది, మా అమ్మ నాకు కట్టింది. అంత బిగువులో పాపను ఎత్తుకొని తుమ్మితే చీర తడిసింది. మొదట చెమట అనుకున్నాను. దగ్గితే మళ్లీ అయింది. మంచం దిగితే అయింది. అమ్మతో గొంతు తగ్గించి చెప్తే, కాన్పయినాక ఆడవాళ్లకు అంతేనని అటు తిరిగి పాప గుడ్డలు మడత పెట్టుకుంది. నేను నీళ్లు తాగడం తగ్గించాను. పరుగు సంగతి ఆలోచించడం మానేశాను. దారిలో నడవడానికే భయమేసే మనిషి పిల్లల ముందు గ్రౌండులో ఎలా పరిగెత్తుతుంది?

పాపను చూడ్డానికి మేడం చాగలమర్రికి వచ్చారు. పాపను ఎత్తుకున్నారు, కాఫీ తాగారు, నా పెదవులు చూసి నీళ్లు సరిగ్గా తాగడం లేదు కదా అన్నారు. తర్వాత కట్టును చూశారు. ఇది తీసిపారెయ్యమంటారు, అమ్మ గొడవ పెట్టుకుంటుంది అనుకున్నాను. ఆమె మా అమ్మతో, నాకు కట్టి చూపించమ్మా, ఎట్లా కడతారో నేనూ నేర్చుకుంటా అన్నారు. అమ్మ సంబరంగా కట్టింది, పక్కింటామెను కూడా పిలిచింది. బాగా బిగించనిచ్చి, ఇప్పుడు నీకు నేను కడతా అన్నారు మేడం. అమ్మ నవ్వుతూ నిలబడింది. మేడం అంతే బిగువుగా కట్టి, ఒకసారి దగ్గమన్నారు.

అమ్మ దగ్గలేదు. ఆమె మొహంలో నవ్వు పోయింది. పక్కింటామెను పొయ్యి మీద పాలు చూడమని లోపలికి పంపి, తలుపు దగ్గరకు వేసింది.

"దగ్గలేనమ్మా. నాకు చిన్నోడు పుట్టినప్పట్నుంచీ నిలవదు" అంది.

నా తమ్ముడికి అప్పటికే పెళ్లయింది. అన్నేళ్లుగా నేను మా అమ్మను చూస్తున్నాను. పెళ్లిళ్లలో వెనక వరసలో కూర్చునేది, బస్సెక్కే రోజు పొద్దున్నుంచి ఏమీ తాగేది కాదు, ముదురు రంగు చీరలే కట్టేది. అదంతా ఆమె స్వభావం అనుకున్నాను. కోపం కూడా వచ్చింది నాకు, ఆమె మీద కాదు, మా ఇంట్లో ఇన్ని మాటలు మాట్లాడుకొని ఈ ఒక్క మాట మాట్లాడుకోనందుకు.

మేడం ఆశ్చర్యపోలేదు. కట్టు విప్పి, కింది నుంచి పైకి, వదులుగా చుట్టారు. కట్టుకోవడం మంచిదే, నడుముకు ఆసరాగా ఉంటుంది, మధ్యలో చెయ్యి దూరాలి అంతే అన్నారు. పైన బిగిస్తే బరువంతా కిందికి తోస్తుందని, అసలే అలిసిన కండ మీద ఆ బరువు పడుతుందని మా ఇద్దరికీ విడమరిచి చెప్పారు. బస్సులో ఆపుకునేటప్పుడు లోపల ఒక పట్టు పడతాం కదా, ఆ పట్టును పడుకొని, కూర్చొని, నిలబడి చేయించారు. పట్టడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడం అంత ముఖ్యమట. నీళ్లు మానొద్దని ఇద్దరినీ మందలించారు. ఆ రోజు నుంచి నేను పాపకు పాలిచ్చేటప్పుడు, అమ్మ బియ్యం ఏరేటప్పుడు ఒకరినొకరు చూసుకొని నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు చేస్తున్నావా అన్నట్టు.

ఈ ఇబ్బంది గురించే ఆళ్లగడ్డలో ఆడవాళ్లకు ఒక శిబిరం పెట్టాలని మేడంకు ఉండేది. ఉన్న పేరుతో పెడితే ఎవరూ రాలేదు. మళ్లీ నడుము నొప్పి శిబిరం అని పెడితే హాలు పట్టలేదు. ఆమె నవ్వారు కానీ, నాతో ఒక మాట అన్నారు.

"పేరు పెట్టి చెప్పుకోలేనిదానికి మందు మాత్రం ఎట్లా అడుగుతారు? ఒక్కరన్నా పైకి చెప్తే బాగుండు."

నా పరుగు రావడానికి చాలా కాలం పట్టింది. ముందు నడక, తర్వాత మెట్లు, తర్వాత ఒంటి కాలి మీద నిలబడడం, ఎగరడం. తొందరపడి ఒకసారి ఆమెకు చెప్పకుండా పరిగెత్తబోయి తడిసిపోయి ఇంటికొచ్చాను. ఆమె కోప్పడలేదు, రెండు మెట్లు వెనక్కి తీసుకుపోయారు. ఒక శనివారం క్లినిక్కు ముందే మా గ్రౌండుకు వచ్చి గొడుగు పట్టుకొని నిలబడి, పరిగెత్తమన్నారు. నేను నల్ల ప్యాంటు వేసుకొని పోయాను. ఆమె దాన్ని చూశారు. గ్రౌండు చుట్టూ మెల్లగా పరిగెత్తి వచ్చాను. ఏమీ కాలేదు. ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మొత్తం తాగు అన్నారు. ఎండలో నిలబడి మొత్తం తాగాను.

నంద్యాలలో మేడంను సమాధి చేశాక, కొన్నాళ్లకు వాళ్ల చర్చి హాల్లో ఆమెను తలుచుకునే ఆదరణ కూడిక పెట్టారు. నేనూ అమ్మా పోయాం. మేము గుడికి పోయేవాళ్లం, అక్కడి పద్ధతులు తెలియవు. పోయినవారి వల్ల మేలు పొందినవాళ్లు ముందుకు వచ్చి మైకులో సాక్ష్యం చెప్పాలట. మగవాళ్లు బాగా చెప్పారు. ఒకాయన మోకాలు, ఒకాయన భుజం, ఒక డ్రైవరు మెడ. ఆడవాళ్లు వచ్చి నడుము నొప్పి అన్నారు. తర్వాతామె కూడా నడుము నొప్పే. నన్ను పిలిస్తే నేను పోయి, కాలి నొప్పి తగ్గించి మళ్లీ పరిగెత్తించారని చెప్పి వచ్చి కూర్చున్నాను. అబద్ధమేమీ కాదు. అయినా కూర్చున్నాక అమ్మ వైపు చూడలేకపోయాను.

అప్పుడు పక్కన మా అమ్మ లేచింది. జన్మలో మైకు పట్టుకోని మనిషి. పాస్టరుగారు ఎలా పట్టుకోవాలో చూపించారు.

"నేను చాగలమర్రి నుంచి వచ్చినా. నాకు నడుము నొప్పి లేదు. నాకు ఉచ్చ నిలిచేది కాదు. దగ్గితే పోయేది, నవ్వితే పోయేది. ఆడదాని ఖర్మ అనుకుంటి. ఈయమ్మ ఖర్మ కాదు, కండ అని చెప్పె. బాగు చేసె. ఇంతసేపూ నడుము నొప్పి, నడుము నొప్పి అన్నోళ్లల్లో ఎంతమందికి నడుము నొప్పో నాకు తెలీదు. ఆమె పేరు చెప్పేకాడన్నా ఉండేది చెప్పుదామని లేసినా."

పాస్టరుగారు బైబిల్లోకి చూస్తూ ఉండిపోయారు. మగవాళ్ల వైపు ఎవరో కుర్చీ జరిపారు. అమ్మ మైకు తిరిగి ఇవ్వబోతే తీసుకోవడానికి ఆయన చెయ్యి రాలేదు.

ఆడవాళ్ల వైపు మధ్య వరసలోంచి ఒక ముసలావిడ ముందు కుర్చీ పట్టుకొని లేచింది. సాక్ష్యం చెప్పడానికేమో అనుకున్నాం. ఆమె ముందుకు రాలేదు, లేచి అక్కడే నిలబడింది. ఆమె వెనక చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకమ్మాయి లేచింది. ఇందాక నడుము నొప్పి అన్న ఇద్దరూ లేచారు. నేనూ లేచాను. ఎవరూ మైకు దగ్గరికి పోలేదు. చూస్తుండగానే మా వైపు కూర్చున్నవాళ్లకంటే నిలబడ్డవాళ్లు ఎక్కువయ్యారు. ముందర అమ్మ మైకు పట్టుకొని మా అందరి వైపు చూస్తూ ఉంది.