తిప్పని బిళ్ళ

లిఫ్టు పక్కన నేను కొట్టిన బిళ్ళల బోర్డును పీకి చెత్తలో పడేశారు. అది అన్యాయం. బడి మొహం చూడకపోయినా, అపార్ట్‌మెంట్ కమిటీకి మూడు అర్జీలు నా చేత్తోనే రాశాను.

మేము గనిలోకి దిగేటప్పుడు నంబరున్న ఇత్తడి బిళ్ళను పైన ఇచ్చి, ఎక్కి వచ్చాక తీసుకునేవాళ్లం. షిఫ్టు అయిపోయినా ఒక బిళ్ళ కొక్కేనికే ఉంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని వెతకడానికి మళ్ళీ దిగేవాళ్లం. వాడితో మాటల్లేని వాళ్లు కూడా దిగేవాళ్లు.

ఈ తొమ్మిదంతస్తుల మేడలో నా కింది ఫ్లాటాయన స్నానాల గదిలో జారిపడి రెండు రోజులు అలాగే ఉన్నాడు. ఎవరికీ తెలియలేదు. అందుకే ఆ బోర్డు పెట్టాను. పొద్దున ఎవరి బిళ్ళ వాళ్లు తిప్పాలి, తిప్పకపోతే పక్కవాళ్లు వెళ్లి తలుపు కొట్టాలి.

"కాకా, మళ్ల మస్టర్ పెట్టినవా? లేటైతే నాగా ఏస్తవా ఏంది?" అని మేడలోవాళ్లు నవ్వారు. నవ్వుతూనే వారం రోజులు తిప్పారు కూడా.

నా భార్య పోయి ఏడాదైంది. ఒక్కడికి ఎందుకని పాల ప్యాకెట్ మాన్పించి నల్ల చాయ్ తాగుతున్నాను. ఇప్పుడు నా తలుపు కొట్టే పని ఎవరికీ లేదు. ఇదంతా మూడు అర్జీల్లోనూ రాశాను.

నిన్న కమిటీ సెక్రటరీ లిఫ్టులో కలిసి జవాబు చెప్పాడు:

"అన్నీ చదివిన కాకా. ఆ బోర్డుతోని గోడ ఖరాబైతుందన్నరు. నువ్వేం ఫికర్ చెయ్యకు. పొద్దుగాల నీ పాల ప్యాకెట్ తలుపు కాడనే ఉంటే వాచ్‌మన్ చూస్తడు గద."