నీ రాజ్యమా, మీ రాజ్యమా?

మా బాబాయి సమాధి రాళ్లు చెక్కేవాడు. ఊళ్లో ఎవరి గురించైనా ఆఖరి మాట ఆయనదే కాబట్టి, బతికున్నవాళ్లు ఆయనతో గొడవ పెట్టుకునేవారు కాదు. "తేడా వస్తే నీ పేరులో ఒత్తు ఎగరగొడతా" అనేవాడు. అన్నంత పనీ చేసే మనిషే.

ఆయన బాప్తిస్టు, పిన్ని కేథలిక్కు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లూ ప్రతి ఆదివారం ఒకే గుమ్మం దిగి ఆయన కుడికి, ఆవిడ ఎడమకి. మధ్యాహ్నం కంచాల దగ్గర కలిసేవారు. అక్కడ గొడవల్లా ప్రార్థనది. పిన్నివాళ్లు దేవుణ్ణి "మీరు" అంటారు, మావాళ్లు "నీవు" అంటారు.

"తండ్రిని పట్టుకుని ఏకవచనమేంటండీ, మర్యాద లేకుండా!" అని ఆవిడ.

"తండ్రి దగ్గర మర్యాదలేంటే, పరాయివాడిలా!" అని ఈయన. ఈలోగా కూర చల్లారిపోయేది.

దానికి ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వు రానిది ఒక్క సమాధుల తోట దగ్గరే. రెండు సంఘాలకీ ఒకటే తోట, నడుమ దారి. ఎడమ పక్క కేథలిక్కులు, కుడి పక్క బాప్తిస్టులు. "ఇన్నేళ్లు ఒకే దుప్పటి కింద పడుకుని, చివరికి దారికి అటొకరం ఇటొకరమా?" అని పిన్ని కళ్లు తుడుచుకునేది. బాబాయి ఇద్దరు పెద్దల్నీ రెండేసి సార్లు బతిమాలాడు. ఫాదరుగారు "చూద్దాం" అన్నారు. పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. అంటే కాదనే.

ఇంతలో తోటకి కొత్త గేటు పెట్టారు. ఐక్యతకి గుర్తుగా పైన ఓ రాయి ఉండాలన్నారు: "మా తండ్రీ, నీ రాజ్యము వచ్చు గాక." "నీ" ఏంటి, "మీ" అనాలన్నారు ఫాదరుగారు. కుదరదన్నారు పాస్టరుగారు. ఐక్యత అక్కడే ఆగింది. ప్రారంభం రేపనగా ఇద్దరూ బాబాయి కొట్టుకి పరిగెత్తుకొచ్చారు. రాయి మీద అన్ని అక్షరాలూ ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప.

"ఏమయ్యా, ఈ ఖాళీ ఏంటి?"

"మీరు తేల్చలేదుగా. ఎవరిష్టం వాళ్లు చదువుకుంటారు. చెక్కమంటే చెక్కుతా, ఏది చెక్కమంటారు?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఖాళీయే బాగుంది" అన్నారు ఒక్కసారే. వాళ్లు ఒక మాట మీదకి రావడం అదే మొదటిసారి.

"అయితే నాకూ ఓ ఖాళీ కావాలి" అన్నాడు బాబాయి, ఉలి చేతిలోకి తీసుకుంటూ. "దారి మధ్యలో, ఇద్దరికి సరిపడా. కాదంటే ఇప్పుడే ఏదో ఒక అక్షరం చెక్కేస్తా. ఏదో మాత్రం చెప్పను."

ఆ వారమే తోటలో దారి కాస్త వంకర తిరిగింది.

కొన్నాళ్లకి ఆ చోటుకి బాబాయే ముందు వెళ్లాడు. ఆ రోజు ఫాదరుగారు "మీ" అంటుంటే పాస్టరుగారు "నీ" అన్నారు, ఎవరూ ఎవర్నీ ఆపలేదు. అందరూ కదిలాక పిన్ని వంగి మట్టి మీద చెయ్యి వేసింది. పెళ్లినాటి నుంచీ ఆయన్ని "మీరు" అని తప్ప పిలిచి ఎరగదు మా పిన్ని.

"ఇదిగో, చోటంతా నువ్వే ఆక్రమించుకోకు" అంది. "కాస్త జరుగు, నేనూ రావాలి."