మా బావగారు బండి బాగా తోలేవారు

కారు సంగతి నాకు మొదట చెప్పింది మా వీధిలో పూలమ్మే ఆమె. గడప ముందు గంప దించి, మూర కొలుస్తూ, మా బావగారు నంద్యాలలో కారు తోలడం నేర్చుకుంటున్నారనీ, ఆ కారు రేపో మాపో ఆళ్లగడ్డకు వస్తుందనీ చెప్పింది. నేను నమ్మలేదు. "ఊరంతా చెప్పుకుంటాండారు, ఇంట్లో ఉండేదానివి నీకు తెల్దా ఏందీ?" అని నా మొహం చూసి నవ్వింది.

బావగారంటే మా ఆయనకు అన్న. నంద్యాలలో పత్తిమిల్లులో గుమాస్తాగా పనిచేసి, ఉద్యోగం అయిపోయాక ఆళ్లగడ్డకు, మా ఇంటికే వచ్చేశారు. భార్య చిన్నతనంలోనే పోయింది, పిల్లలు లేరు. జీవితంలో తనకంటూ ఏదీ అడగని మనిషి. అలాంటి ఆయన చిన్న కారు కొనుక్కున్నారంటే, ఆ ముచ్చట ఎన్నేళ్లుగా మనసులో దాచుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అవి ఎనభైల నడిమి రోజులు. మా వైపు చిన్న కార్లు అప్పుడప్పుడే కనబడుతున్నాయి.

నేను బడికి పోయినదాన్ని కాను. మా తాత పురాణం ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. ఆయన నేర్పిన చదువూ, ఆయన నేర్పిన దీపారాధనా, ఈ రెండే నేను అత్తవారింటికి తెచ్చుకున్నవి. బావగారి ఎదుట కూర్చోవడం మా ఇంటి మర్యాద కాదు. ఏమైనా చెప్పాలంటే తలుపు పక్కన నిలబడి చెప్పేదాన్ని.

కారు వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. స్టీరింగుకు పసుపు రాసి బొట్టు పెట్టాను. అద్దం కింద, ముందు పలక మీద, అహోబిలం నరసింహస్వామి చిన్న పటం అతికించాను. స్వామి కూర్చున్న చోటికి చెప్పులతో ఎక్కకూడదని చెప్పాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు. బావగారు నవ్వి, తన చెప్పులు విడిచి డిక్కీలో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచీ వట్టి కాళ్లతోనే తోలేవారు. అవి టైరు అడుగు వేయించిన మందపాటి తోలుచెప్పులు.

అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. వెనక సీటు మొత్తం ఆమె కాళ్లు చాపుకోవడానికే సరిపోయేది. కాబట్టి నేను ముందు కూర్చోక తప్పలేదు. అన్నేళ్లుగా ఎదుట కూర్చోని మనిషి పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూర్చోవలసి వచ్చింది. సిగ్గుతో తలుపుకు అతుక్కుపోయేదాన్ని. బహుశా నా సిగ్గు పోగొట్టడానికే కావచ్చు, ఆయన దారి పొడవునా బండి గురించి చెప్పేవారు. ఎడమ కాలి కింద క్లచ్చి. కుడికాలికి రెండు పనులు, బ్రేకు ఒకటి, ఎక్స్‌లేటరు ఒకటి. రెండూ ఒకే కాలికి ఎందుకు పెట్టారంటే, ఒకటి తొక్కేటప్పుడు రెండోది వదిలిపెట్టాలి కాబట్టి. సీట్ల నడుమ ఉన్న పిడి చేతిబ్రేకు, అది వెనక చక్రాలను పట్టుకుంటుంది. చలికాలంలో బండి పలకకపోతే చోకు లాగాలి. నేను చిన్న అద్దంలో బొట్టు సరిచూసుకుంటే, అది వెనక వచ్చే బండ్లు చూసుకోవడానికమ్మా అని మెల్లగా దాన్ని మళ్లీ తిప్పుకునేవారు. అత్తమ్మ ఆ అద్దానికి పూలదండ వేలాడదీస్తే, వీధి దాటేదాకా అలాగే ఉంచి, మలుపు తిరిగాక తీసి స్వామి ముందు పెట్టేవారు. ఆమె మనసూ నొప్పించలేదు, దారీ కనబడకుండా పోలేదు. ఆయన పద్ధతే అంత.

ఇక బెల్టు. ఆ రోజుల్లో మా వైపు కార్లలో ఎవరూ దాన్ని పెట్టుకోగా నేను చూడలేదు. బావగారు ఎక్కడో చదివి, నంద్యాలలో ఒక మెకానిక్ షెడ్డులో ఏదో పాడుబడిన విదేశీ బండి నుంచి తీసిన బెల్టు బిగించుకొచ్చారు. ఒక్కటే దొరికింది. దాన్ని నేను కూర్చునే వైపు బిగించారు. అత్తమ్మ చూసి, "కోడల్ని దూడను కట్టేసినట్టు కట్టేస్తివి గదరా" అంది. తోలేవాడివి నువ్వు, నీ వైపు పెట్టుకోకుండా ఆమె వైపెందుకని మా ఆయన అడిగాడు. "నాకు పట్టుకునేకి స్టీరింగుండాది. ఆయమ్మకేముండాది?" అన్నారు బావగారు. నేను పైట మీదుగా ఆ పట్టీ లాక్కుని, ఎవరైనా చూస్తారేమోనని దాని మీద మళ్లీ కొంగు కప్పుకున్నాను. ఆయనకు కృతజ్ఞత చెప్పాలని కూడా నాకు తోచలేదు.

ఒక శనివారం అత్తమ్మతో కలిసి మేము ముగ్గురం అహోబిలం వెళ్లాం. మా ఆయన అంగడిలో ఉండిపోయాడు. దర్శనం బాగా జరిగింది. అర్చకులు పులిహోర, దద్దోజనం రెండు గిన్నెల నిండా ఇచ్చారు. వెనక సీటులో అత్తమ్మ మూటల మధ్య కాళ్లు చాపుకుంది, గిన్నెలకు చోటు లేదు. డిక్కీలో కొత్త తువ్వాలు పరిచి పెట్టించాను. అప్పుడు బావగారు అలవాటు ప్రకారం చెప్పులు చేతిలో పట్టుకుని డిక్కీ దగ్గరికి వచ్చారు.

ప్రసాదం ఉన్న చోట చెప్పులా బావగారూ, అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

"కాళ్ల కాడ ఏమీ ఉండగూడదమ్మా. పెడలు కిందికేమన్నా బోతే ముప్పు" అన్నారు.

సీటు కిందికి బాగా తోసేయండి, ఎక్కడికీ పోవు అన్నాను. ఆడవాళ్ల మాటకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. చెప్పులు తన సీటు కిందికి తోసి బండి కదిలించారు.

కొండ దగ్గరి రోడ్డు దిగుతూ వస్తుంటే, ఎడమ పక్క చేలోంచి ఒక జీవాల మంద రోడ్డు మీదికి వచ్చింది. గొర్రెలు, మేకలు, వాటి వెనక గొంగడి కప్పుకున్న ముసలాయన. బావగారు బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు. ఆయన కాలి కింద చూశాను. ఒక చెప్పు పల్లంలో జారుకుంటూ ముందుకు వచ్చి, బ్రేకు కింద నిలువుగా ఇరుక్కుని ఉంది. పెడలు కిందికి పోవడం లేదు. ఆయన కాలితో దాన్ని తన్నారు, రాలేదు. ఎడమ చేత్తో చేతిబ్రేకు పట్టి లాగారు, కుడిచేత్తో స్టీరింగు కుడికి తిప్పారు. బండి కిర్రున అరిచింది. రోడ్డు పక్క మోరీ గోడకు కుడి మూల గుద్దుకుని ఆగింది.

నేను ముందుకు పోయి, మళ్లీ వెనక్కు వచ్చి పడ్డాను. బెల్టు నన్ను పట్టుకుంది. అత్తమ్మ మూటల మీద దొర్లింది, పెదవి చిట్లింది, అంతే. ఒక్క గొర్రెకు కూడా ఏమీ కాలేదు. బావగారి కుడి మోకాలు మాత్రం నలిగిపోయింది. ఆయన మొదట అడిగింది, అమ్మకెట్లుంది అని. తర్వాత నన్ను చూసి, నీకేం గాలేదు గదా అన్నారు. ఆ తర్వాతే కాలు కదలడం లేదని చెప్పారు.

నంద్యాల ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది కానీ మోకాలు మునుపటిలా వంగలేదు.

నేను ఏదీ దాచలేదు. ఆ సాయంత్రమే మా ఆయనకు, ఆ తర్వాత చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, చెప్పు సంగతి చెప్పాను. నా మాట వల్లే ఇలా జరిగిందన్నాను. ఎవరూ వినలేదు. వింటే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. నీ పూజలే మిమ్మల్ని కాపాడినాయమ్మా అన్నారు ఆడవాళ్లు. పటం అట్లే ఉంది చూడండి, ఒక్క గీత పడలేదు అని ఒకరికొకరు చూపించుకున్నారు. మగవాళ్లు వసారాలో కూర్చుని వేరే మాట్లాడుకున్నారు. ఆయనకు కండ్లు ఆనవంట. అంత వయసులో కారేందప్పా. జీవాలను చూసుకోకుండా మీదికి పోయినాడంట. ఈ మాటలు లోపల మంచం మీద ఉన్న మనిషికి వినబడుతున్నాయని ఒక్కరికీ పట్టలేదు.

నేను అత్తమ్మతో, ఆయన తప్పేమీ లేదని మీరైనా చెప్పండత్తమ్మా అని అడిగాను. "ప్రసాదం కాడ చెప్పులు వద్దంటే తప్పా? నోరుమూసుకో" అంది. ఆమె నన్ను వెనకేసుకొస్తున్నాననుకుంది. కానీ నాకు దక్కుతున్న మంచిపేరు ప్రతి ముక్కా ఆయన దగ్గర నుంచి లాక్కున్నదే. దేవుడి ముందు దీపం పెట్టడానికి చేతులు రాలేదు. పెట్టాను, మానలేదు. కానీ ఏమని దండం పెట్టుకోవాలో తెలియలేదు.

నెల తిరిగాక బస్సులో అహోబిలం వెళ్లి ఆ అర్చకులనే అడిగాను. ప్రసాదం పక్కన చెప్పులు ఉంటే అపచారమే కదా స్వామీ అని. జరిగిందంతా విని, ఆయన చాలా సహజంగా, "ప్రసాదం ఒళ్లో పెట్టుకొనుంటే సరిపోయేది గదమ్మా" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. అంత తేలికైన పని నాకు ఎందుకు తోచలేదు? గిన్నెలు ఒళ్లో పెట్టుకుంటే పట్టుచీరకు నూనె అంటుతుందని. నిజం అదే. భక్తి అనుకున్నదాంట్లో సగం చీర ఉంది.

కారు నంద్యాలలో బాగుచేయించుకొచ్చారు. మా ఆయన దాన్ని అమ్మేస్తానన్నాడు. బావగారు సరేలే అన్నారు. ఆ సరేలే అన్న తీరు విన్నాక నేను ఉండలేకపోయాను. పెళ్లయ్యాక మా ఆయన మాటకు మొదటిసారి అడ్డం పడ్డాను. బండి అమ్మితే ఊళ్లో అన్న మాట నిజమైపోతుంది, బావగారికి తోలడం రాదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది అన్నాను. మరెవరు తోల్తారు అన్నాడు. బావగారు నేర్పిస్తే నేను తోల్తాను అన్నాను. మా ఆయన నన్ను చూసి, తర్వాత అన్నను చూశాడు. "నువ్వేమంటావన్నా?" అన్నాడు. ఆయమ్మకు బండి సగం తెలుసు, మిగతా సగం నేను చెప్తా అన్నారు బావగారు.

ఊరి బయట పత్తి గోదాముల పక్కన బయలులో నేర్పారు. మొదట నన్ను ముందుకు పోనివ్వలేదు. బ్రేకు తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. ఆగడం వచ్చినాక పోదాం లేమ్మా అనేవారు. క్లచ్చి ఠక్కున వదిలేసి బండి ఎగిరి ఆగిపోతే, కప్పను తెచ్చుకుంటిమే అని నవ్వేవారు. గోదాం కాడ కూలికి వచ్చిన ఆడవాళ్లు పని ఆపి చూసేవారు. ఒక్కసారి కూడా ఆయన ఆ అహోబిలం రోడ్డు మాట ఎత్తలేదు. ఎత్తితే నేను కాళ్ల మీద పడేదాన్నేమో. ఆ అవకాశం ఆయన నాకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడం దయో, నాకు పడిన శిక్షో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

లైసెన్సు వచ్చాక మొదటిసారి ఆయన్ను ఆళ్లగడ్డ బజారులోకి తీసుకుపోయాను. నాలుగు రోడ్ల కాడ టీ అంగడి ముందు జనం అడ్డం వస్తే బండి ఆపాను. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన, ఏందప్పా, మరదలు తోల్తాంటే నువ్వు పక్కన కూచ్చునేకి వస్తివా అన్నాడు. అందరూ నవ్వారు. బావగారూ నవ్వారు, కానీ చెయ్యి మోకాలి మీదికి పోయింది.

నేను అద్దం దించాను. బజారులో గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. "అప్పా, ఆ పొద్దు బ్రేకు కింద చెప్పు ఇరుక్కునింది. డిక్కీలో పెట్టుకుంటానంటే వద్దన్నది నేను. ఆయన కండ్లు బాగుండాయి, చెయ్యి బాగుండాది. ఆయన కాకుంటే నేనీడ లేను" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినబడింది.

ఆ పెద్దాయన తల ఊపి, పక్కవాళ్లతో, "చూసినారా, పెద్దమనసు. బావ తప్పును తన మీదేసుకుంటాండాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. ఏం చెప్పినా అది నా ఖాతాలోకే పుణ్యంగా వచ్చి పడుతోంది.

"బండి కదిలీమ్మా. ఎనక లారీ ఉండాది" అన్నారు బావగారు. ఆయన నా వైపు చూడలేదు. అద్దంలో చూస్తున్నారు. నేను గేరు వేశాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆయన్ను నంద్యాలకు, మహానందికి తీసుకుపోయాను. ఇప్పుడు ఆయన లేరు. నాకు ఈ ప్రాణం, ఈ బండి తోలే విద్య, రెండూ ఇచ్చి పోయారు. స్వామికి దండం పెట్టేటప్పుడు ఆయనకూ పెడతాను. అయినా ఆళ్లగడ్డలో ఇప్పటికీ పాతవాళ్లు నన్ను చూస్తే, కండ్లు ఆనని బావను కాపాడిన ఆడమనిషి అనే చెప్పుకుంటారు. నోటితో చెప్పి మార్చలేకపోయాను కాబట్టి, వచ్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్నాను. ఇది చదివినవాళ్లు నన్ను మరిచిపోయినా ఫర్వాలేదు. మా బావగారిని మాత్రం గుర్తు పెట్టుకోండి. ఆయన బండి బాగా తోలేవారు.