మూడు నీళ్లలో కడిగిన గ్రంథి

మొన్న మొగుళ్లపల్లి దగ్గర మనవరాలు పనిచేసే చేపపిల్లల కేంద్రానికి పోతే, ఆ పిల్ల వేలెడంత సీసా తీసి, చేప గుడ్లు పెట్టడానికి ఇప్పుడు వేసే సూదిమందు ఇదేనంటూ నా చేతిలో పెట్టింది. నేను మూత విప్పించి వాసన చూశాను, వెలుతురుకు పట్టి చూశాను, ఆఖరికి రంగు నీళ్లు పోసి అమ్ముతున్నారేమోనని అననే అన్నాను. "నీకు దేవుని మీద గూడ అనుమానమే తాతా" అని నవ్వింది. నవ్వనీ. ఈ గుణం ఒకసారి ఎవరి బతుకు మీద పడిందో దానికి తెలియదు.

నిలవ నీళ్ల చెరువులో బొచ్చె చేపగానీ రవ్వ చేపగానీ తనంతట తాను గుడ్లు పెట్టదని మన తరం వాళ్లకు తెలిసిందే. చేప మెదడులో పుట్టే చిన్న ప్రోటీన్ తునక ఒకటి, కిందనున్న పీయూష గ్రంథికి ఇక హార్మోను వదలమని కబురు పంపుతుందట. అప్పుడే వద్దు, ఆగు అని అడ్డుపడే పదార్థం ఇంకొకటి ఉంటుందట. మొదటిదానికి నకలూ, రెండోదాన్ని ఆపే మందూ కలిపి ఈ సీసాలో పోశారని మనవరాలు చెప్పింది. మా కాలంలో ఈ కబుర్ల సంగతి మాకేం తెలుసు! చచ్చిన చేప తల పగలగొట్టి, మెదడు కిందున్న జొన్నగింజంత గ్రంథిని తీసి, స్పిరిట్‌లో దాచి, వానాకాలం రాగానే నూరి బతికున్న చేపకు సూదితో ఎక్కించేవాళ్లం.

అరవై తొమ్మిదిలో నేను సర్కారు చేపల ఆఫీసులో ఆ పనికి కొత్తగా చేరాను. మాది జఫర్‌గఢ్, మా అవ్వ జనగామ అంగట్లో చేపలమ్మేది. మా మీద ఆఫీసరుగా ఉన్న సారుది ఆంధ్రాలో గోదావరి వైపు. తెలంగాణ కావాలని పిల్లలు బడులు విడిచి రోడ్ల మీదికొచ్చిన రోజులవి. డిగ్రీ చదివిన మా అన్న ఖాళీగా ఇంట్లో కూర్చుంటే, మా ఆఫీసు కుర్చీలో ఆంధ్రా నుంచి వచ్చిన ఈయన కూర్చున్నాడు. ఆ కోపం అబద్ధం కాదు, ఇవాళ కూడా అదే అంటాను. కానీ కోపానికి అనుమానం తోడైతే మనిషి కళ్లు ఉండీ గుడ్డివాడవుతాడు. ఆయన సీసాల బీరువాకు తాళం వేస్తే నాకు అనుమానం, వేయకపోతే ఇంకా అనుమానం.

మొదటి రోజే సారు ఒక మాట చెప్పాడు. "గ్రంథికి నీళ్లు తగలనివ్వకండి, నెత్తురున్నా ఫరవాలేదు, తీసింది తీసినట్టు స్పిరిట్‌లో వేసేయండి." అంతే, నాకు అనుమానం పట్టుకుంది. నెత్తురుతో దాస్తే ఏదైనా కుళ్లదా? ఇక్కడ చేపపిల్లలు పుట్టకపోతే వాళ్ల వైపు నుంచే తెప్పించుకోవాలి కదా, అందుకే ఈ ఎత్తు అనుకున్నాను. అవ్వనడిగితే, "నెత్తురుంటె ఖరాబైతది బిడ్డా, మూడు నీళ్లు పొయ్యాలె" అంది. చేపను మూడు నీళ్లలో కడగనిదే మా ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కనివ్వరు. ఆ రోజు నుంచి జనగామలోనూ మానుకోటలోనూ అంగడి మూలన కూర్చుని, తీసిన ప్రతి గ్రంథినీ సారు చూడకుండా మూడు గిన్నెల నీళ్లలో శుభ్రంగా కడిగి మరీ సీసాలో వేశాను.

వానలు పడ్డాయి. మూడు సార్లు సూదులు వేశాం, మూడు సార్లూ ఒక్క చేపా గుడ్లు పెట్టలేదు. సారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చేపల పొట్టలు తడిమి చూస్తుంటే, దొంగ నటన అని పక్కవాళ్ల చెవిలో నేనే ఊదాను. కావాలనే చెడగొడుతున్నాడని పైకి అర్జీ పోయింది. మొదటి సంతకం నాది. పది రోజుల్లో ఆయన్ని పనిలోంచి ఆపారు. నిండు చూలాలైన భార్యను పట్టుకుని జనగామ స్టేషనులో వానలో నిలబడ్డాడు. సామాన్లు మోయడానికి పోయిన నా చేతిలో గ్రంథులు తీసే తన పట్టకారు పెట్టి, "నీ చెయ్యి మంచిదయ్యా, నీళ్లు మాత్రం తగలనివ్వకు" అన్నాడు. నేను ఇంటికొచ్చి, ఏం పూశాడోనని ఆ పట్టకారును రెండుసార్లు తుడిచాను.

మరుసటేడు వచ్చిన సారు మానుకోట వాడే, మనోడు. నా పక్కనే కూర్చుని నా గిన్నెలు చూసి తల కొట్టుకున్నాడు. "ఏందిర గిది, కడుగుతున్నవా? అండ్ల ఉన్న మందంత నీళ్లల్లకు దిగిపోతది గదరా!" ఆ వానాకాలం కడగని గ్రంథులతో సూదులు వేస్తే తెల్లారేసరికి చేపల కోసం చెరువులో కట్టిన గుడ్డ తొట్టెల నిండా గుడ్లు. మనోడొచ్చిండు, చెరువు పండింది అని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ గోదావరి సారుకు మళ్లీ ఉద్యోగం ఇచ్చారో లేదో, బిడ్డ పుట్టిందో లేదో కనుక్కునే ధైర్యం ఇన్నేళ్లలో ఒక్కనాడూ రాలేదు.

ఇప్పుడు తలలు పగలగొట్టే పని లేదు, స్పిరిట్ వాసన లేదు. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం మనది, చెరువు మనది, సీసా పట్టుకున్న పిల్ల నా మనవరాలు. నాకు సంతోషమే. కానీ మొన్న నేను పోయిన రోజు అక్కడ కూడా సూది వేసిన ఒక చేప గుడ్లు పెట్టలేదు. మందు కల్తీదేమోనని మనవరాలు కంపెనీని తిట్టబోతుంటే, తిట్టకు బిడ్డా, ముందు నీ చేతులు చూసుకో అన్నాను. నాకేదో చాదస్తమనుకుని అది మళ్లీ నవ్వింది. నేను మాత్రం నా చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను.